వాహనములకు విడిది

మా చిన్నతనమున మా యూరికి మూడు క్రోసుల దూరమున శివరాత్రికి గొప్ప తిరునాళ్ళు జరుగుచుండెడివి. చుట్టుప్రక్కల గ్రామములనుండి జనులు రెండెడ్ల బండ్లు కట్టుకొని పిల్లాపాపలతో తరలి వచ్చెడివారు. గుడికి పోవు వీథి యొక్కటే, అదియు ఇరుకు. ప్రతివాడును తన బండిని గుడి ముంగిటనే విప్పవలెనని కోరుకొనును. అట్లు విప్పినచో తేరు కదలుటకు చోటుండదు. నడచి వచ్చువారికి త్రోవ యుండదు. అందుచేత గ్రామపెద్దలు పది దినములు ముందుగనే కోతలైన ఒక పొలమును ఏర్పాటుచేసి, బండ్లన్నియు అచ్చటనే విప్పవలెనని దండోరా వేయించెడివారు. వరుసకును వరుసకును నడుమ మరియొక బండి పోవునంత సందు విడువవలెను. బండ్ల నొగలన్నియు ఒకే దిక్కునకు ఉండవలెను. బండికి పది పైసలు తీసికొని, ఆ సొమ్ముతో ఎడ్లకు తొట్లలో నీరు పోయించెడివారు. మిగిలినది పొలము యజమానికి చెందెడిది.

ఒక యేడు ధనికుడైన రైతొకడు కావలివాని మాట పెడచెవిని బెట్టి, తన గూడుబండిని తేరు వీథిలోనే విప్పి దర్శనమునకు పోయెను. అతడు తిరిగి వచ్చునంతవరకు తేరు కదలలేదు. వేలకొలది జనులు ఎండలో నిలువవలసి వచ్చెను. అతని బండి ఆక్రమించిన చోటెంత? నాలుగు గజముల పొడవు, రెండు గజముల వెడల్పు! ఆ చిన్న చోటే అందరిని ఆపివేసెను.

ఆ తిరునాళ్ళు ఏడాదికొకసారి మాత్రమే జరిగెడివి. హైదరాబాదు నగరపు పడమటి భాగమున మాత్రము వారమునకు ఐదు దినములు తిరునాళ్ళే. మాదాపురము, కొండాపురము, గచ్చిబౌలి, రాయదుర్గము, నానక్‌రామ్‌గూడ అను గ్రామములు ఒకప్పుడు గుట్టలతోను, రాతిబండలతోను, సీతాఫలపు పొదలతోను నిండియుండెడివి. అచ్చట 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపాయి సైబర్ టవర్స్ అను పదియంతస్తుల భవనమును ప్రారంభించెను. వలయాకారమున నిర్మింపబడి, నడుమ తోటతో నొప్పారు ఆ భవనమే హైటెక్ సిటీకి తొలి యిటుక. పిమ్మట భవనముల ప్రక్క భవనములు లేచినవి. 2022-23 నాటికి తెలంగాణమున సమాచార సాంకేతిక రంగమున పనిచేయువారి సంఖ్య 9 లక్షలు దాటినది. వారిలో అత్యధికులు ఈ ప్రాంతమునకే ప్రతిదినము వచ్చిపోవుచుందురు.

వచ్చువారు వాహనములపై వత్తురు. వాహనము నడచునప్పుడు అందరును దానిని చూతురు. దాని వేగమును, పొగను, చప్పుడును గూర్చి మాటలాడుదురు. అది నిలిచియున్నప్పుడు దానిని పట్టించుకొనువారు లేరు. కాని సొంత కారు ఇరువదినాలుగు గంటలలో నడచునది ఒకటి రెండు గంటలు మాత్రమే. మిగిలిన కాలమంతయు ఎచ్చటనో యొకచోట నిలిచియే యుండును. రాత్రి యింటివద్ద ఒకచోటు, పగలు కార్యాలయమువద్ద ఒకచోటు, సాయంకాలము అంగడివద్ద మరియొకచోటు దానికి కావలెను. ఇట్లు వాహనమును నిలుపుటనే మనము పార్కింగు అని వాడుకగా అనుచున్నాము. ఈ నిలుపుదలను ఏర్పాటుచేయుట నగరమును పాలించు సంస్థల పనులలో మిక్కిలి చిక్కైనది.

విద్యార్థులారా! ఇప్పుడొక చిన్న లెక్క చేయుదము. పలకయో కాగితమో తీసికొనుడు. ఒక చిన్న కారు పొడవు సుమారు 4 మీటర్లు, వెడల్పు 1.7 మీటర్లు. అనగా అది నేలమీద ఆక్రమించునది 7 చదరపు మీటర్లకు లోపు. కాని మన దేశమున నగరముల ప్రణాళికలు వ్రాయువారు ఒక్కొక్క కారునకు ఆరుబయట 23 చదరపు మీటర్లును, నేలమాళిగలోనైనచో 32 చదరపు మీటర్లును లెక్కవేయుదురు. ఇంత తేడా యేల? కారు ఎగిరివచ్చి తన గడిలో వాలదు గదా! లోనికి వచ్చుటకు బాట కావలెను. మలుపు తిరుగుటకు చోటు కావలెను. తలుపు తెరచి దిగుటకు సందు కావలెను. నేలమాళిగలోనికి దిగుటకు వాలుదారి కావలెను. పైయంతస్తులను మోయు స్తంభములును నడుమనడుమ నుండును. ఇవి యన్నియు కలసి ఏడు మీటర్ల కారునకు ముప్పదిరెండు మీటర్ల మేడ కట్టించుచున్నవి.

32 చదరపు మీటర్లనగా ఇంచుమించు 344 చదరపు అడుగులు. ఆ కారులో వచ్చిన ఉద్యోగికి పైయంతస్తులో దొరకు చోటెంత? బల్ల, కుర్చీ, నడవలో అతని వాటా అన్నియు కలిపి సుమారు నూరు చదరపు అడుగులు. మనుష్యునికంటె అతని కారు మూడు రెట్లు చోటు తినుచున్నది! పదివేలమంది పనిచేయు ఒక కార్యాలయమును తలచుకొనుడు. వారికి 10 లక్షల చదరపు అడుగుల భవనము చాలును. వారందరును తలకొక కారులో వచ్చినచో కార్లకే 34 లక్షల చదరపు అడుగులు కావలెను. అప్పుడది కార్యాలయమున కార్లకు చోటిచ్చుట కాదు. కార్ల కొట్టములో ఒక మూల కార్యాలయము పెట్టుకొనుట యగును. అదృష్టవశమున అందరును కార్లలో రారు. ఒక కారు చోటున నాలుగైదు ద్విచక్రవాహనములు పట్టును. బస్సు నలువదిమందిని దింపి తనదారిని తాను పోవును. దినమంతయు అచ్చట కనిపెట్టుకొని యుండదు.

ఈ లెక్క తెలిసిన ప్రభుత్వము మొదట చేసిన పని యేమనగా, ఎవరి వాహనముల భారము వారి భవనమే మోయవలెనని శాసించుట. 2012 ఏప్రిల్ 7వ తేదీన వెలువడిన భవన నిర్మాణ నియమములలో (168వ ప్రభుత్వ ఉత్తరువు) ఏ విధమగు భవనమునందు ఎంత భాగము వాహనములకు విడువవలెనో నిర్ణయింపబడినది. హైదరాబాదు నగరపాలక సంస్థ పరిధిలో, అనేక చిత్రశాలలు గల మల్టీప్లెక్సు సముదాయమునకు కట్టిన వైశాల్యమును బట్టి నూటికి 60 వంతులు, నివాసపు అపార్టుమెంట్లకు నూటికి 30 వంతులు కేటాయింపవలెను. ఆ చోటును మరియొక పనికి వాడినచో నగరపాలక సంస్థ దానిని వెంటనే తొలగింపవచ్చును. ఈ తుది నిబంధన వ్యర్థముగ వ్రాసినది కాదు. నేలమాళిగను వాహనములకని చూపి అనుమతి పొంది, పిదప దానిలో సరకులు నింపుటయు, అంగళ్ళు పెట్టి అద్దెకిచ్చుటయు మన నగరములలో పాత రోగము. మాళిగ అంగడి యైనచో అందు నిలువవలసిన కార్లు ఆవిరియై పోవు. అవి వీథిలోనికి వచ్చి నిలుచును. అద్దె భవనస్వామికి, ఇబ్బంది బాటసారికి.

హైటెక్ సిటీలో నేలమాళిగ త్రవ్వుట సులభము కాదని కూడ చెప్పవలెను. ఆ నేల నల్లరేగడి కాదు. కోట్లకొలది యేండ్ల నాటి గట్టి గ్రానైటు శిల. మందు పెట్టి పేల్చి, యంత్రములతో తొలిచి, లారీలకెత్తి తరలింపవలెను. రెండు మూడు అంతస్తుల లోతునకు దిగిన పిమ్మట గాలి కొరకు పెద్ద పంకాలు, వాననీటిని తోడుటకు పంపులు అమర్చవలెను. కావున ఆ చీకటిలో నిలిచిన ప్రతి కారు క్రింద ఎంతో ధనమున్నది. అది ఉచితమని మనము అనుకొందుము. నిజమునకు ఆ వ్యయము కార్యాలయపు అద్దెలోనో, దుకాణములోని వస్తువు వెలలోనో కలసియుండును.

ఈ వ్యయమును ఎవరు భరింపవలెనను ప్రశ్నయే 2018లో హైదరాబాదున పెద్ద చర్చ యైనది. అంతకు పూర్వము పెద్ద పెద్ద మాల్‌లు, మల్టీప్లెక్సులు తమ ఆవరణలో వాహనము నిలిపినవారినుండి తమకు తోచినంత రుసుము తీసికొనుచుండెడివి. ఒక మందుసీసా కొరకు లోనికి పోయి అయిదు నిమిషములలో తిరిగివచ్చినవాడును, మూడు గంటల సినిమా చూచినవాడును ఒకే రుసుము చెల్లింపవలసి వచ్చెడిది. నియమము ప్రకారము వాహనములకని విడిచిన చోటునకు మరల ధనము తీసికొనుట యేమని జనులు ప్రశ్నించిరి. అంతట తెలంగాణ పురపాలక శాఖ 2018 మార్చి 20వ తేదీన 63వ ఉత్తరువును జారీచేసెను. అది ఏప్రిల్ 1వ తేదీనుండి అమలునకు వచ్చెను.

ఆ యుత్తరువు కాలమును మూడు భాగములు చేసినది. మొదటి ముప్పది నిమిషములు ఎవరివద్దను ఏమియు తీసికొనరాదు. వస్తువు కొనినను కొనకున్నను సరే. ముప్పది నిమిషములు మొదలు గంటవరకు నిలిపినవాడు ఆ ఆవరణలో ఏదైన కొనినట్లు బిల్లు చూపినచో రుసుము లేదు; చూపనిచో చెల్లింపవలెను. గంట దాటినచో, అతడు చూపు బిల్లో సినిమా టిక్కెట్టో పార్కింగు రుసుమునకంటె ఎక్కువ మొత్తమునకు ఉండవలెను; అట్లున్నచో రుసుము లేదు. వాహనపు చీటీపై రుసుము చెల్లింపబడినదో, మినహాయింపబడినదో తెలియునట్లు ముద్ర వేయవలెను. పిమ్మట 2021 జూలైలో, ఒకే తెర గల విడి సినిమాశాలలు మాత్రము రుసుము తీసికొనవచ్చునని మరియొక ఉత్తరువు వచ్చినది. మాల్‌లకును మల్టీప్లెక్సులకును ఆ వెసులుబాటు ఈయలేదు.

నాకు ఇందులో ముప్పది నిమిషముల నిబంధన మిక్కిలి నచ్చినది. ముసలి తల్లిని లోనికి చేర్చివచ్చువాడు, మరచిపోయిన గొడుగును తెచ్చుకొనువాడు, మందు కొనువాడు దీనివలన బ్రతికిపోయిరి. చోటు కొద్దిసేపు వాడుకొనువానికిని, దినమంతయు ఆక్రమించువానికిని భేదము చూపుట న్యాయము. అయితే బిల్లు చూపినవానికి సంపూర్ణముగ ఉచితమనుట అంత న్యాయమా యని సందేహము కలుగుచున్నది. నగర బస్సులో వచ్చి చొక్కా కొనినవాడును, కారులో వచ్చి చొక్కా కొనినవాడును ఒకే వెల యిచ్చుచున్నారు. ఆ వెలలో నేలమాళిగ ఖర్చు కలసియున్నది. అనగా బస్సువాడు తాను వాడని చోటునకు కొంత చెల్లించుచున్నాడు! అమెరికా దేశపు ఆచార్యుడు డొనాల్డ్ షూప్ ఈ విషయముపైననే 2005లో ఒక పెద్ద గ్రంథమును వెలువరించెను. ఉచితముగ కారు నిలుపుట యనునది లేదు, కారు లేనివారితో సహా అందరును దాని వెల చెల్లించుచున్నారు అనునది అందలి వాదము. ఆయన చెప్పినదంతయు మన దేశమునకు అతుకునని నేననను. మాల్‌లను మరల తమ యిచ్చకు విడిచినచో ఏమగునో మనము చూచియే యున్నాము.

రుసుమునకు మరియొక ప్రయోజనము కలదు. అది తెలియవలెనన్న 1935 నాటి అమెరికాకు ఒకసారి పోయి రావలెను. ఓక్లహోమా నగరమున అంగడి వీథిలో నిలుచు కార్లలో అనేకము కొనుగోలుదార్లవి కావు. ఆ వీథిలో పనిచేయు ఉద్యోగులవే. వారు ఉదయమున నిలిపి సాయంకాలము వరకు తీయరు. కొనవచ్చినవారికి చోటు దొరకదు. వర్తకులకు బేరములు లేవు. అప్పుడు కార్ల్ మాగీ యను పత్రికా సంపాదకుడు ఒక యంత్రమును తలపెట్టెను. ఆ సంవత్సరము జూలై 16వ తేదీన మొట్టమొదటి పార్కింగు మీటరు ఆ నగర వీథిలో నాటబడెను. అయిదు సెంట్ల నాణెము వేసినచో గంటసేపు నిలుపవచ్చును. నాణెము చిన్నదే, కాని దినమంతయు నిలుపువాడు లేచిపోయి, గంటకొకరు వచ్చిపోవ మొదలిడిరి. ఒక్క చోటే దినమునకు ఎనిమిది పదిమందికి ఉపయోగపడినది. చోటు పెంచకయే చోటు పెరిగినది.

భవనముల సంగతి యట్లుండ, వీథులలో నిలుపుదలను చూచువారు పోలీసులు. సైబరాబాదు పోలీసు కమిషనరేటు 2003లో ఏర్పడినది. మోటారు వాహనముల చట్టము (1988) ప్రకారము వాహనములు ఎచ్చట నిలుపవచ్చునో నిర్ణయించు అధికారము రాష్ట్ర ప్రభుత్వమునకును, అది నియమించిన అధికారులకును కలదు. స్థానిక సంస్థను సంప్రదించి వారు ఆ పని చేయవలెను. నిలుపరాని చోట విడిచిన వాహనమును లాగుకొనిపోవుటకు గాని, దాని చక్రమునకు ఇనుప బంధము తగిలించి కదలకుండ చేయుటకు గాని పోలీసులకు హక్కు కలదు. నిలుపరాని చోట్లు ఏవి? మలుపులు, కూడళ్ళు, కాలిబాటలు, పాదచారులు దాటు గీతల సమీపము, బస్సులు ఆగు తావులు, బడుల ఆసుపత్రుల వాకిండ్లు, నిలిచిన వాహనపు ప్రక్కన రెండవ వరుస. పాఠకులు తమ వీథికి పోయి ఒక్క సాయంకాలము పరిశీలించినచో ఈ జాబితా యంతయు అచ్చటనే కనబడును.

ఒక్క చోటికి ఒక్కసారి జనము విరుచుకొని పడినచో చట్టములు ఏమి చేయగలవు? 2018 ఆగస్టు 9వ తేదీన ఐకియా అను స్వీడను దేశపు గృహోపకరణముల సంస్థ భారతదేశమున తన మొదటి దుకాణమును హైటెక్ సిటీలో తెరచెను. తొలినాడు దాదాపు నలువదివేలమంది వచ్చిరని పత్రికలు వ్రాసినవి. చూడవచ్చినవారి వాహనములు, ఇంటికి పోవు ఉద్యోగుల వాహనములు ఒకటై గచ్చిబౌలి వైపు పోవు త్రోవ స్తంభించిపోయెను. పోలీసులు వీథిలో నిలిచి, వాహనములను మళ్ళించి, చిక్కు విడదీయవలసి వచ్చెను. 2020 సెప్టెంబరు 25వ తేదీన దుర్గము చెరువుపై తీగల వంతెన ప్రారంభమైనప్పుడు మరియొక చిత్రము జరిగినది. వంతెన అందము చూచి ముచ్చటపడినవారు దాని నడుమనే వాహనములాపి ఛాయాచిత్రములు తీసికొన మొదలిడిరి. వంతెన పోవుటకు కట్టినదే గాని నిలుచుటకు కట్టినది కాదు. పోలీసులు అచ్చట నిలుపుట నిషేధించిరి. వారాంతమున కొన్ని వేళల వాహనములనే ఆపి వంతెనను నడచువారికి విడిచిరి. ఇది నాకు మంచి యుపాయముగ తోచినది. చూడవలెననువాడు నడచియే చూడవలెను.

ఇంతవరకు చెప్పినవి పెద్ద రోడ్ల సంగతులు. ఇక చిన్న సందులకు వత్తము. అద్దాల మేడల వెనుక, మాదాపురపు పాత యిండ్ల సందులలో, ఉద్యోగులకు భోజన వసతులిచ్చు హాస్టళ్ళు వందలకొలది వెలసినవి. ఆ యిండ్లు కట్టినప్పుడు సైకిలో స్కూటరో తప్ప మరియొక వాహనము ఎవరి తలంపునను లేదు. ఒక కుటుంబము నివసింపదగిన నేలపై నేడు నలువదిమంది నివసించుచున్నారు.

మా కుమారుడు అట్టి సందులోనే ఒక యింటి క్రింది భాగమున కాపురముండెను. కొన్ని యేండ్ల క్రిందట నేనచ్చట ఉన్నప్పుడు, మేడపై నివసించు ఇంటి యజమానికి రాత్రి తొమ్మిది గంటలవేళ గుండెనొప్పి వచ్చెను. ఆయన నా యీడువాడే. అంబులెన్సు పావుగంటలోనే వచ్చినది. కాని సందు మొగనే ఆగిపోయినది. ఇరుప్రక్కల కార్లు నిలిచియున్నవి. నడుమ మిగిలినది ఒక మోటారుసైకిలు పోవునంత త్రోవ. కార్ల యజమానులను పిలువవలెనన్న వారెవరో, ఏ యింట ఏ యంతస్తున ఉన్నారో తెలియదు. హారను మ్రోగించిరి, ఎవరో కిటికీ తెరచి చూచి మరల మూసికొనిరి. కడకు ఎదురింటి హాస్టలు కుర్రవాండ్రు నలుగురు క్రిందికి దిగివచ్చి, ఆయనను ఒక ప్లాస్టికు కుర్చీలో కూర్చుండబెట్టి, భుజములపై కెత్తుకొని రెండు వందల గజములు పరుగుపరుగున మోసికొనిపోయిరి. నేను వెనుక దీపము పట్టుకొని నడచితిని. కార్ల నడుమ కుర్చీ రెండుసార్లు తగులుకొన్నది. ఆ రెండవసారి తగులుకొన్న కారు మా అబ్బాయిదే.

ఆయనకు ప్రాణాపాయము తప్పినది. ఇంకొక పది నిమిషములు ఆలస్యమైయున్నచో చెప్పలేమని వైద్యులనిరి.

జపాను దేశమున 1962లో ఒక చట్టము చేసిరి. కారు కొనువాడు తన యింటికి దగ్గరలో దానిని నిలుపుటకు వీథిలో గాక వేరొక చోటు కలదని పోలీసులవద్ద ధ్రువపత్రము పొందవలెను. చోటు లేనివాని పేర కారు నమోదు కాదు. అందుచేతనే టోకియో నగరపు సందులు మన సందులకంటె ఇరుకైనను అంబులెన్సులు పోగలుగుచున్నవి. మన దేశమున కారునకు ధనమున్నదా యని అడుగువారున్నారు. అప్పు కావలెనా యని అడుగువారు మరింతమంది ఉన్నారు. చోటున్నదా యని అడుగువారు లేరు. ఈ నియమమును హైదరాబాదున ఒక్కనాట పెట్టిన సగము సందులలోని కార్లు ఎక్కడికి పోవలెనో నాకును తెలియదు. కాని క్రొత్తగా కొనువారిని అడుగుట మొదలిడినచో తప్పేమి?

కారు లేకుండ రాగల త్రోవలను పెంచుట మరియొక మార్గము. మెట్రో రైలు 2019 మార్చి 20వ తేదీన అమీరుపేటనుండి హైటెక్ సిటీకిని, అదే సంవత్సరము నవంబరు 29వ తేదీన రాయదుర్గమునకును వచ్చెను. రైలులో వచ్చినవాని వెంట నేలమాళిగలోనికి దిగు వస్తువేదియు ఉండదు; ఆతని గొడుగు తప్ప. అయితే రైలు దిగిన పిమ్మట కార్యాలయమునకు ఇంకను రెండు మూడు మైళ్ళుండును. ఆ కొద్ది దూరమునకు బస్సు దొరకదేమోయను భయముననే అనేకులు ఇంటినుండియే కారు తీయుచున్నారు. పోలీసులును సాఫ్టువేరు సంస్థలును కలసి 2006లో ఏర్పరచుకొన్న భద్రతా మండలి మహిళలకు షటిల్ బస్సులు నడపినది. 2023 జూలైలో భారీ వర్షములు కురిసినప్పుడు సైబరాబాదు పోలీసులు కార్యాలయములను విభాగములుగ విడదీసి, సైబర్ టవర్స్ వైపు వారు మధ్యాహ్నము 3 గంటలకు, రాయదుర్గము వైపు వారు నాలుగున్నరకు ఇంటికి బయలుదేరవలెనని సూచించిరి. అన్ని మాళిగలనుండి అన్ని కార్లు ఒకేసారి పైకి రాకుండుటకే ఆ యేర్పాటు.

ఇక మా అబ్బాయి సందు సంగతి. ఆ సంఘటన జరిగిన మరుసటి ఆదివారము సందులోనివారందరును ఆ యింటి వాకిట సమావేశమైరి. కార్లు లెక్కింపగా ముప్పదియొకటి తేలినవి. ఒకేప్రక్క వరుసగ నిలిపినచో పందొమ్మిదింటికి మించి పట్టవు. పండ్రెండు కార్లు వెడలిపోవలెను; ఎవరివి? ముందుగ వచ్చినవాడు నేనని యొకరు, సొంత యిల్లు నాదని యొకరు, ఇంట పసిపిల్లలున్నారని యొకరు వాదించిరి. రెండు గంటలు గడచినను తెగలేదు. తుదకు చీట్లు వేసిరి. మా వానికి బయటి చీటి వచ్చినది. అతడు రెండు దినములు ముఖము ముడుచుకొనియే యుండెను. సందు చివర ఖాళీ స్థలము గల ఒకాయన నెలకింతయని అద్దె తీసికొని ఆ పండ్రెండింటికి చోటిచ్చెను. రాత్రిపూట ఒక కావలివానిని పెట్టెను. సందునకు ఒక ప్రక్క తెల్లరంగుతో గీత గీసిరి.

ఇప్పుడు మా అబ్బాయి కారు దిగి అయిదు నిమిషములు నడచి ఇల్లు చేరుచున్నాడు. వానకాలమున విసుగుకొనును. మేడమీది యజమాని సాయంకాలములందు వాకిట కుర్చీ వేసికొని కూర్చుండి, అతడు నడచి వచ్చుట చూచి పలుకరించుచుండును. ఆ ఖాళీ స్థలమునకు నేనొకసారి పోయి చూచితిని. కావలివాడు మా జిల్లావాడే. కార్ల ముఖములన్నియు ఒకే దిక్కునకు ఉండవలెనని అతడు ఒక ఇంజనీరుతో గట్టిగా వాదించుచుండెను.